అంతర్జాతీయ సెయిలింగ్ క్లాస్ హోదా: దరఖాస్తు విధానం

ఒకే నమూనాలో గాని, ఒకే కొలతల నిబంధనలకు లోబడి గాని తయారైన తెరచాప పడవల వర్గాన్ని క్లాస్ అంటారు. వాటి యజమానులు, సెయిలర్లు కలిసి నడుపుకొనే సంస్థ క్లాస్ అసోసియేషన్. తమ క్లాస్‌కు అంతర్జాతీయ గుర్తింపు కోరే అసోసియేషన్ వరల్డ్ సెయిలింగ్‌కు దరఖాస్తు చేసుకోవాలి. 1907లో పారిస్‌లో మొదలై, 1996లో ఐఎస్ఏఎఫ్ (ఇంటర్నేషనల్ సెయిలింగ్ ఫెడరేషన్)గానూ 2015లో ప్రస్తుత పేరుతోనూ మారిన ఈ సంస్థే ఈ క్రీడకు అంతర్జాతీయ పాలక మండలి. గుర్తింపు లభించిన క్లాస్‌కు ఆ మండలి ఆమోదించిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ నిర్వహించుకునే అవకాశం కలుగుతుంది.

పడవ ఎంత బాగున్నా కాగితం మీది నమూనాకు ఈ హోదా దక్కదు. వేర్వేరు దేశాల్లో, ఒకటికి మించిన ఖండాల్లో ఆ పడవలతో పోటీలు జరుగుతున్నట్లు చూపాలి. కనీస సంఖ్యలు వరల్డ్ సెయిలింగ్ రెగ్యులేషన్స్‌లో ఉంటాయి. అవి సవరణకు లోనవుతుంటాయి కనుక తాజా ప్రతినే చూడాలి. దరఖాస్తుతో పాటు అసోసియేషన్ బైలాలు, కార్యవర్గ వివరాలు, దేశాలవారీగా పడవల లెక్క, క్లాస్ నిబంధనలు సమర్పించాలి.

వీటిలో ఎక్కువ శ్రమ కోరేది క్లాస్ నిబంధనల పత్రం. దీనిని వరల్డ్ సెయిలింగ్ నిర్దేశించిన ప్రామాణిక నమూనాలో, ఎక్విప్‌మెంట్ రూల్స్ ఆఫ్ సెయిలింగ్ (పడవలు, పరికరాల నియమావళి)లోని నిర్వచనాలను అనుసరించి రాయాలి. అక్కడ నిర్వచించిన పదాలను బొద్దు అక్షరాల్లో ముద్రించడం రివాజు. నిబంధనలు క్లోజ్డ్ రకానివా, ఓపెన్ రకానివా అన్నది ముందే తేల్చుకోవాలి: మొదటి రకంలో స్పష్టంగా అనుమతించనిదంతా నిషిద్ధం, రెండవ రకంలో స్పష్టంగా నిషేధించనిదంతా అనుమతం. ఈ రెండు ధోరణులనూ ఒకే పత్రంలో కలగాపులగం చేస్తే, ఆ తరువాత ప్రతి పోటీలోనూ కొలతల అధికారికి తగవులు తీర్చడమే పని అవుతుంది.

అయితే దరఖాస్తు ఫారం తెరవక ముందే తేల్చుకోవలసినది హక్కుల సంగతి. నమూనా ఎవరిది, పేరుపై ట్రేడ్‌మార్క్ ఎవరిది, అచ్చులు ఎవరి అధీనంలో ఉన్నాయి, పడవలు తయారు చేసే అనుమతి ఎవరు ఇస్తారు అన్న ప్రశ్నలకు రాతపూర్వకమైన జవాబులు ఉండాలి. హక్కుదారు, అసోసియేషన్, వరల్డ్ సెయిలింగ్ మధ్య కుదిరే ఒప్పందానికి ఇవే పునాది. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న లేజర్ అనే చిన్న తెరచాప పడవ విషయంలో, పేరుపై ట్రేడ్‌మార్క్ హక్కులు అసోసియేషన్ చేతిలో లేకపోవడంతో, 2019లో తయారీ వివాదం ముదిరిన తరువాత అదే పడవను ఐఎల్‌సీఏ (ఇంటర్నేషనల్ లేజర్ క్లాస్ అసోసియేషన్‌కు పొడి అక్షరాలు) అన్న పేరుతో తయారు చేయించవలసి వచ్చింది. అంత పెద్ద క్లాస్‌కే ఆ గతి పట్టినప్పుడు, కొత్త అసోసియేషన్ నోటిమాట హామీలను నమ్ముకొని ముందుకు సాగడం వివేకం కాదు.

అందిన దరఖాస్తును సాంకేతిక సిబ్బంది, ఎక్విప్‌మెంట్ కమిటీ పరిశీలించిన మీదట నిర్ణయం వెలువడుతుంది. కమిటీ, కౌన్సిల్ సమావేశాలు నిర్ణీత కాలాల్లోనే జరుగుతాయి కనుక గడువు తప్పితే తదుపరి విడత వరకు ఆగవలసిందే.

హోదా వచ్చాక కొత్తగా తయారయ్యే ప్రతి పడవకూ నిర్ణీత రుసుము చెల్లించి వరల్డ్ సెయిలింగ్ ప్లేక్ (గుర్తింపు ఫలకం) అమర్చాలి; అసోసియేషన్ ఏటా నివేదిక పంపాలి. సభ్యులు ఓటు వేసి ఆమోదించిన నిబంధనల మార్పు కూడా వరల్డ్ సెయిలింగ్ ఆమోదం పొందాకే అమల్లోకి వస్తుంది. పోటీ నిర్వాహకులకు సైతం క్లాస్ నిబంధనలను ఇష్టానుసారం మార్చే అధికారం లేదు: రేసింగ్ రూల్స్‌లోని 87వ నియమం ప్రకారం, ఆ క్లాస్ నిబంధనలే అనుమతించాలి, లేదా అసోసియేషన్ ఇచ్చిన రాతపూర్వక అనుమతిని అధికారిక నోటీసు బోర్డుపై ప్రదర్శించాలి. అందువల్ల అటువంటి అనుమతిపై సంతకం చేసే అధికారం ఎవరిదో బైలాలలోనే పేర్కొనడం మంచిది.