సాకెట్లు సర్దే ముందు: మెరిసేవి, నల్లవి ఒకే ట్రేలో పెట్టకండి

నట్లు విప్పే ఇంపాక్ట్ గన్‌కి మామూలు క్రోమ్ సాకెట్ (నట్టు మీద తొడిగే ఉక్కు గొట్టం) తగిలించి తిప్పుతుంటే అది పగిలి ముక్క కంటికి తగిలిందన్న వార్త మళ్లీ వచ్చింది. ఇలాంటివి విన్నప్పుడల్లా గన్‌నో, దాన్ని పట్టుకున్నవాడినో తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు అంతకుముందే, సాకెట్లు సర్దినప్పుడే జరిగిపోయి ఉంటుంది. డబ్బాలో కుప్పగా పడున్న సాకెట్లన్నీ తీసి ఓ పద్ధతిలో పెడదామనుకుంటే ముందు ఇది చదవండి.

అందరూ చేసే పొరపాటు, సైజు ప్రకారం సర్దడం. 10, 12, 13, 14, 17, 19 అని వరసగా పేర్చేస్తారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ వరసలో 17 మెరిసే క్రోమ్‌ది, అంటే చేతి సాకెట్; పక్కనున్న 19 నల్లది, గన్‌కి వాడే ఇంపాక్ట్ సాకెట్. చేతులకు గ్రీజు, బండి కింద చీకటి, పని సగంలో ఉంది. సైజు చూసుకుని చెయ్యి చాస్తే వేళ్లకు ఏది తగిలితే అదే గన్‌కి ఎక్కుతుంది. కుప్పలో ఉన్నప్పుడైనా వెతుకుతూ ఒకసారి సాకెట్‌ను చూసేవాళ్లు, సర్దేశాక ఆ చూడటం కూడా మానేస్తారు. అందుకే ముందు రకం, ఆ తర్వాతే సైజు. ఇంపాక్ట్ సాకెట్లు ఒక పెట్టెలో, చేతి సాకెట్లు ఇంకో పెట్టెలో. వేరే వరస చాలదు, వేరే పెట్టె కావాలి.

కారణం చెప్పుకుందాం. చేతి సాకెట్ ఇరుకులో దూరాలి కాబట్టి గోడ పల్చగా చేస్తారు. పల్చటి గోడ అరిగిపోకుండా ఉక్కును బాగా గట్టిపరిచి, పైన క్రోమ్ పూత వేస్తారు. రాచెట్ పిడితో చేత్తో నిలకడగా తిప్పినంతవరకు దానికి ఇబ్బంది లేదు. ఇంపాక్ట్ గన్ అలా తిప్పదు, లోపలి సుత్తితో కొడుతుంది, నిమిషానికి వెయ్యికి పైగా దెబ్బలు. గట్టి ఉక్కు ఆ దెబ్బలకు సాగలేదు, లోపలి మూలల దగ్గర సన్నటి పగులు పుడుతుంది. మొదటిరోజే ముక్కలవ్వాలని లేదు. "ఎన్నోసార్లు వాడాం, ఏం కాలేదు" అనే ధీమా పెరిగేదీ, లోపల పగులు పెరిగేదీ ఒకేసారి. ఇంపాక్ట్ సాకెట్ గోడ మందం, ఉక్కు కాస్త మెత్తన. దెబ్బ తిన్నా సాగుతుందే కానీ పెంకుల్లా ఎగరడం అరుదు.

నల్లగా ఉంటే ఇంపాక్ట్ అని నమ్మేయకండి. చేతి సాకెట్లలోనూ నల్ల పూత వేసినవి ఉన్నాయి. "ఇంపాక్ట్" అని చెక్కి ఉందేమో చూడండి. గన్ తగిలించే వైపు అడ్డంగా పిన్ను పెట్టే రంధ్రం, చుట్టూ రబ్బరు రింగు కూర్చునే గాడి ఉన్నాయేమో చూడండి. గోడ మందం చూడండి. ఇంకా అనుమానం తీరకపోతే అది చేతి సాకెట్ కిందే లెక్క. ఇంపాక్ట్ సాకెట్‌ను రాచెట్‌కి వాడుకోవచ్చు, కాస్త లావుగా ఉంటుందంతే. చేతి సాకెట్‌ను మాత్రం గన్‌కి వాడకూడదు.

సాకెట్లు విడదీసినవాళ్లు కూడా మర్చిపోయేవి, సాకెట్‌కీ గన్‌కీ మధ్య తగిలించే ఎక్స్‌టెన్షన్లు, యూనివర్సల్ జాయింట్లు, అడాప్టర్లు. వాటిలోనూ క్రోమ్‌వి ఉంటాయి, అవీ పగులుతాయి. అవి కూడా ఏ పెట్టెవి ఆ పెట్టెలోనే ఉండాలి.

ఇంతకుముందు గన్ మీద ఎక్కిన క్రోమ్ సాకెట్లు మీ కుప్పలో ఉండే ఉంటాయి. అవేవో తెలియకపోతే పెట్టెలో పెట్టే ముందు క్రోమ్‌వి ఒక్కొక్కటీ పరీక్షించండి. గుడ్డతో జిడ్డు పూర్తిగా తుడిచి, పల్చటి నూనె రాసి, కాసేపాగి మళ్లీ పొడిగా తుడవండి. పగులుంటే అందులో దాగిన నూనె నెమ్మదిగా బయటికి ఊరి సన్నటి గీతగా కనబడుతుంది. చతురస్రపు రంధ్రం నాలుగు మూలలూ, నట్టు పట్టే వైపు అంచూ టార్చి వేసి చూడండి. గీత కనబడితే పారేయండి. గన్ మీద వాడినట్టు తెలిసినది ఏ గీతా లేకపోయినా పారేయండి.

ఇక మిల్లీమీటర్లు, ఇంచీల గొడవ. 19 మిల్లీమీటర్లు, ముప్పావు ఇంచీ దాదాపు ఒకటే, తేడా 0.05 మాత్రమే. 8కీ, 5/16 ఇంచీకీ కూడా అంతే. అది చూసి మిగతావీ ఇలాగే అనుకుంటే నట్టు పోయినట్టే. అర ఇంచీ అంటే 12.7. దాని మీద 13 సాకెట్ ఎక్కుతుంది, కానీ 0.3 వదులు. బలమంతా నట్టు మూలల మీద పడి అవి గుండ్రంగా అరిగిపోతాయి, సాకెట్ జారి వేళ్లు వెళ్లి పక్కనున్న ఇనుముకు కొట్టుకుంటాయి. 12 మూలల సాకెట్‌తో ఇది ఇంకా త్వరగా అవుతుంది, బిగిసిపోయిన నట్టుకు 6 మూలలదే వాడండి. ఇంచీలవి వేరే క్లిప్పుల పట్టీకి ఎక్కించి, పట్టీకి రంగు టేపు చుట్టండి. నల్ల సాకెట్ల మీద చెక్కిన అంకెలు చీకట్లో కనబడవు. ఆ గాడుల్లో తెల్ల పెయింటు నింపి, పైన తుడిచేయండి.

పెట్టెల సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. క్లిప్పుల పట్టీ, గుంటలు కోసిన ఫోమ్, ఏదైనా సరే. ఫోమ్ తేమ పట్టి ఉంచుతుంది కాబట్టి తడి సాకెట్ పెడితే అడుగున తుప్పు పడుతుంది. అయస్కాంతపు ట్రే బాగానే పట్టుకుంటుంది, ఇనుప రజనునూ అంతే బాగా పట్టుకుంటుంది. అప్పుడప్పుడు తుడవకపోతే ఆ రజను సాకెట్ లోపలికి చేరి నట్టు సరిగ్గా కూర్చోదు.

మిగతావి వరసగా.

యాసిడ్ సీసా, బ్యాటరీ ఛార్జర్ ఉన్న అరలో సాకెట్లు పెట్టకండి. ఆవిరికే తుప్పు పడతాయి.

తుప్పు వదిలించడానికి యాసిడ్‌లో నానబెట్టకండి. గట్టిపరిచిన ఉక్కు పెళుసెక్కుతుంది.

క్రోమ్ పొర లేచినది పారేయండి. ఆ అంచు బ్లేడులా కోస్తుంది.

గ్యాస్ టార్చి మంటకు నీలం రంగు తిరిగినది పారేయండి.

స్పార్క్ ప్లగ్ సాకెట్లు 16, 21 విడిగా ఉంచండి. లోపలి రబ్బరు ఎండిపోయిందేమో చూడండి.

1000 వోల్టుల ఇన్సులేషన్ ఉన్న సాకెట్లను మిగతావాటితో కలపకండి. పూత మీద గాటు పడితే కరెంటు పనికి వాడకండి.

బరువైన సాకెట్లు కింది డ్రాయర్లో. ఒకేసారి రెండు డ్రాయర్లు లాగకండి, పెట్టె మీదకు ఒరుగుతుంది.

క్రోమ్ పెట్టె గన్‌కి చెయ్యి అందే దూరంలో ఉండకూడదు. ఇంపాక్ట్ పెట్టెలో గుంట ఖాళీగా ఉందని ఆ సైజు క్రోమ్‌ది తెచ్చి పెట్టకండి. ఖాళీగానే వదిలేయండి.

ఒక్క నట్టే కదా అని క్రోమ్‌ది ఎక్కించకండి.

కళ్లద్దాలు పెట్టుకోండి.

పనయ్యాక గుంటలు లెక్కపెట్టండి. ఒకటి ఖాళీగా ఉంటే అది ఇంజన్‌తో పాటే తిరిగే క్రాంక్ పుల్లీ బోల్టు మీదే ఉండిపోయి ఉండొచ్చు. దొరికేదాకా ఇంజన్ తాళం తిప్పకండి.