మీ బాధకు ఏ థెరపీ సరిపోతుందో ఎలా తేల్చుకోవాలి?

"ఎవరైనా కౌన్సెలర్‌ని కలువు" అని చెప్పేవాళ్లు బోలెడుమంది. ఏ రకం కౌన్సెలింగో చెప్పేవాళ్లే కనపడరు. ఫోన్‌లో వెతికితే సీబీటీ, డీబీటీ, ఈఎండీఆర్ అని పొడి అక్షరాలు. అందుకే పేర్లను కాసేపు పక్కన పెట్టి, మీ బాధ దగ్గర మొదలుపెట్టండి.

1. ఒక వారం రాసి చూడండి

"మనసు బాగోలేదు" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఏం జరిగినప్పుడు, ఒంట్లో ఏమైంది, అప్పుడు ఏం చేశారు, ఏం మానేశారు? ఇలా రాయండి: "తాళం వేసి నాలుగుసార్లు లాగి చూశాను. బస్టాప్ దాకా వెళ్లి వెనక్కొచ్చాను. ఆఫీసుకు నలభై నిమిషాలు లేటు." అరగంట చెప్పే కథకన్నా ఈ మూడు ముక్కలే థెరపిస్టుకు ఎక్కువ పనికొస్తాయి.

2. ఒంటి సంగతి తేల్చుకోండి

థైరాయిడ్ మందగించినా, బి12 తగ్గినా నీరసం, దిగులు కమ్ముకోవచ్చు. ముందు రక్తపరీక్ష చేయించుకోండి. ఎవరికీ వినపడని మాటలు వినిపిస్తున్నా, రోజుల తరబడి నిద్రే లేకుండా హుషారుగా తిరుగుతున్నా మొదట సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్లాలి. చచ్చిపోవాలనిపిస్తుంటే ఇది చదవడం ఆపి 14416కి ఫోన్ చేయండి. 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ అది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడొచ్చు.

3. బాధను బట్టి పద్ధతి

పొరపాటు ఎక్కువగా జరిగేది ఓసీడీ విషయంలో, అంటే వదలని అనుమానంతో చేసిన పనే మళ్లీమళ్లీ చేయించే జబ్బు విషయంలో. మన ఇళ్లలో దాన్ని "చాదస్తం", "ఆవిడకి శుభ్రం ఎక్కువ" అని కొట్టిపారేస్తారు, చేతులు పగిలేదాకా కడుగుతున్నా సరే. చిన్నప్పటి సంగతులు తవ్వుకుంటూ కూర్చుంటే ఇది సాధారణంగా తగ్గదు. "తాళం వేశావులే, నేను చూశాగా" అని ఇంట్లోవాళ్లు ధైర్యం చెప్పడం ఇంకా చేటు. రేపు మళ్లీ అడగాలనిపిస్తుంది. దీనికి వాడేది ఈఆర్‌పీ. భయానికి ఎదురుగా నిలబడి, అలవాటైన పని చేయకుండా ఆగడమే ఇందులో సాధన. 1966లో లండన్‌లో సైకాలజిస్టు విక్టర్ మేయర్ ఇద్దరు రోగుల విషయంలో ఈ దారి పనిచేసిందని రాశాడు. ఉదాహరణకు, తాళం ఒక్కసారే వేసి, వీధి చివరిదాకా నడవాలి. గుండె దడదడలాడుతుంది. వెనక్కి తిరగకూడదు. దడ ఎంతుందో వందకు మార్కులేసుకుంటూ, దానంతటది దిగేదాకా ఆగాలి. తేలికైన భయంతో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ ఎక్కిస్తారు.

గుండెపోటేమోనని ఆసుపత్రికి పరిగెత్తితే ఈసీజీ మామూలుగా వచ్చేవాళ్లకు, అంటే పానిక్ ఉన్నవాళ్లకు, ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే సీబీటీ బాగా పనిచేస్తుంది. దిగులుకూ అంతే, అమెరికాలో ఏరన్ బెక్ 1960లలో దాన్ని రూపొందించిందే డిప్రెషన్ కోసం. నిద్ర పట్టకపోతే దానికంటూ సీబీటీ-ఐ ఉంది. ప్రమాదమో, దాడో కళ్లముందు తిరుగుతూనే ఉంటే ఆ జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లను అటూఇటూ కదిలించే ఈఎండీఆర్ గానీ, మనసుకు తగిలిన ఆ గాయం మీద దృష్టి పెట్టే సీబీటీ గానీ అడగండి. కోపం వస్తే తనను తాను గాయపరచుకునేవాళ్లకు అమెరికా సైకాలజిస్టు మార్షా లైన్‌హాన్ తయారుచేసిన డీబీటీ, ఉద్వేగాన్ని తట్టుకోవడం నేర్పే పద్ధతి. ఆలుమగల గొడవకు ఒక్కరే వెళ్తే సగం పనే, ఇద్దరూ కూర్చోవాలి. ఒకే రకం చిక్కు ప్రతి బంధంలోనూ ఎదురవుతుంటే పాత అనుభవాల్లో దాని మూలం వెతుకుతూ నిదానంగా సాగే సైకోడైనమిక్ థెరపీ నయం. దానికి ఓపికా, డబ్బూ ఎక్కువే కావాలి.

4. మనిషిని ఎంచుకోండి

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడగండి, అడిగితే ఏమీ అనుకోరు. మందులు కావాలంటే సైకియాట్రిస్టులాంటి డాక్టరే రాయాలి. మొదటి రోజే మరో మూడు అడగండి: నా సమస్యకు ఏ పద్ధతి వాడతారు? సుమారు ఎన్ని సెషన్లు? నేను చెప్పింది మా ఇంట్లోవాళ్లకు చెబుతారా? మూడోది మొహమాటపడకుండా అడగాలి. రోగి సంగతులు గుట్టుగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టమే అంటోంది. ప్రాణానికి ముప్పులాంటి కొన్ని సందర్భాల్లో మాత్రం మినహాయింపు. ఇంకోటి, ఏడుపు ఏ భాషలో వస్తుందో ఆ భాష వచ్చిన మనిషైతే సుఖం.

5. ఆరు సెషన్లయ్యాక

మొదటి వారం కాగితం తీసి పక్కన పెట్టి చూడండి. తాళం దగ్గర నిలబడే సమయం తగ్గిందా? ఈఆర్‌పీలో మొదట్లో దడ పెరగడం మామూలే, దానికి బెదిరి మానేయకండి. ఏ మార్పూ లేకపోతే మాత్రం చెప్పాపెట్టకుండా వెళ్లడం ఆపేయకుండా, "ఇది నాకు పనిచేయట్లేదండీ" అని ముఖాముఖి చెప్పండి. మంచి థెరపిస్టయితే పద్ధతి మారుస్తారు, లేదా ఫలానావారి దగ్గరికి వెళ్లమని పేరు రాసిస్తారు. ఆ మాటకు మీమీదే విసుక్కుంటే, కొత్త థెరపిస్టు దగ్గరికి అదే కాగితం పట్టుకెళ్లండి.