వర్డ్‌లో క్యాపిటల్, స్మాల్ లెటర్లు మార్చడం ఎలా?

క్యాప్స్ లాక్ పడిందని చూసుకోకుండా రెండు పేరాలు కొట్టేసి, వాటిని చెరిపి మళ్ళీ మొదటి నుంచి టైపు చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అంత శ్రమ అక్కర్లేదు. మార్చాల్సిన భాగం సెలెక్ట్ చేసి, షిఫ్ట్ పట్టుకుని ఎఫ్3 నొక్కండి. నొక్కిన కొద్దీ స్మాల్, క్యాపిటల్, మొదటి అక్షరం మాత్రం క్యాపిటల్ అని వంతులవారీగా మారుతుంది. ల్యాప్‌టాప్‌లో అక్షరాలు మారకుండా సౌండ్ మారితే ఎఫ్ఎన్ మీట కూడా కలపాలి. లిబ్రె ఆఫీస్ రైటర్‌లోనూ ఇదే షార్ట్‌కట్. గూగుల్ డాక్స్‌లో అయితే ఫార్మాట్, టెక్స్ట్, క్యాపిటలైజేషన్.

అసలు తప్పు జరిగేది ఇక్కడే. క్యాప్స్ లాక్ పేరాని సరిచేయడానికి అందరూ సెంటెన్స్ కేస్ ఎంచుకుంటారు. అది వాక్యం మొదటి అక్షరం ఒక్కటే క్యాపిటల్ చేసి తక్కినవన్నీ స్మాల్ చేసేస్తుంది. ఊరి పేర్లు, ఇంటిపేర్లు, పొడి అక్షరాలు అన్నీ పోతాయి. ఐటీ (IT) శాఖ కాస్తా ‘ఇట్’ (it) శాఖ అవుతుంది. అదీ ఇంగ్లీషు మాటే కనుక స్పెల్‌చెక్ ఎర్రగీత పెట్టదు. ప్రింటు తీశాక ఎవరో చూపిస్తారు.

దీనికి సరైన మందు టాగుల్ కేస్. షిఫ్ట్ ఎఫ్3 వంతుల్లో ఇది రాదు. హోమ్ ట్యాబ్‌లో, ఫాంట్ భాగంలో, పెద్ద ఏ పక్కన చిన్న ఏ ఉన్న బటన్ నొక్కితే జాబితాలో చివర ఉంటుంది. లాక్ పడిందని తెలియనివాళ్ళు పేర్లకు మామూలుగానే షిఫ్ట్ నొక్కుతారు, అవి స్మాల్‌గా పడతాయి. టాగుల్ కేస్ ప్రతి అక్షరాన్నీ తిరగేస్తుంది కాబట్టి పేర్లు వాటంతటవే క్యాపిటల్‌కి వస్తాయి. తప్పుల్ని తనంతట తానే దిద్దే ఆటోకరెక్ట్ మధ్యలో వేలు పెట్టి ఉండొచ్చు, అందుకని వాక్యాల మొదళ్ళు మాత్రం ఒకసారి చూసుకోండి. ఒక్కో పేరాయే సెలెక్ట్ చేయాలి. కంట్రోల్ ఏ కొట్టి ఫైలంతా మార్చడం పని కాదు, విధ్వంసం.

శీర్షికలకు, ప్రతి మాట మొదటి అక్షరాన్నీ క్యాపిటల్ చేసే క్యాపిటలైజ్ ఈచ్ వర్డ్ వాడొద్దు. ‘ఆఫ్’, ‘అండ్’ లాంటి చిన్న మాటల్ని కూడా అది వదలదు. శీర్షిక నాలుగు మాటలే కదా, చేత్తో దిద్దండి.

ఎన్ని చేసినా అక్షరాలు క్యాపిటల్స్‌లోనే మొండికేస్తే అది టైపింగు కాదు, ఆల్ క్యాప్స్ అనే ఫార్మాటింగు. కంట్రోల్ షిఫ్ట్ ఏ నొక్కితే పోతుంది. హెడింగ్ స్టైల్‌లోనే పెట్టి ఉంటే ఆ స్టైల్‌నే మార్చాలి.

తెలుగు కలిసిన ఫైలుతో మరీ జాగ్రత్త. ఫోన్లలో, వెబ్‌లో వాడే యూనికోడ్ తెలుగుకు ఏమీ కాదు, మన లిపిలో పెద్దా చిన్నా తేడా లేదు. కానీ పాత అను ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. కేస్ మార్చారంటే ఒక అక్షరం చోట మరొకటి వచ్చి చేరుతుంది. వెంటనే కంట్రోల్ జడ్ కొట్టండి. సేవ్ చేసి ఫైలు మూసేస్తే ఆ పేరా మళ్ళీ టైపు చేసుకోవాల్సి రావచ్చు.