చెక్కినప్పుడు బాగుంది, హైట్ మ్యాప్‌లో పాడైంది: తప్పు ఎక్కడ?

బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో ఒక ప్లేన్ (చదునైన పలక) తీసుకుని దాని మీద రాతి గోడో, చెట్టు బెరడో చెక్కుతారు. తెర మీద ముచ్చటగా ఉంటుంది. దాన్ని పై నుంచి కెమెరాతో హైట్ మ్యాప్‌గా (ఎత్తుల్ని నలుపు తెలుపుల్లో చూపే బొమ్మగా) తీసి ఇంకో సీన్‌లో పెట్టగానే మెట్లు, అతుకులు, సాగిపోయిన గీతలు. వెంటనే మళ్లీ బ్రష్ పట్టుకోవాలనిపిస్తుంది. కాస్త ఆగండి. హైట్ మ్యాప్ అంటే పిక్సెల్‌కు ఒక్క అంకె, ఆ చోట ఎత్తెంత అని, అంతే. చెక్కిన ఆకారం ఆ ఒక్క అంకెలో ఇమిడేదేనా? ఇమిడితే, ఆ అంకె దారిలో ఎక్కడైనా మారిపోయిందా? ముందు ఈ రెండూ చూడాలి.

నున్నటి వాలు మీద మెట్లు

అందరికీ ముందుగా ఎదురయ్యేది ఇదే. చాలాసార్లు కారణం 8 బిట్ ఫైల్. నలుపు నుంచి తెలుపు దాకా అందులో ఉన్నవి 256 స్థాయిలే. మొత్తం ఎత్తు 10 సెంటీమీటర్లనుకుంటే ఒక్కో మెట్టు సుమారు 0.4 మిల్లీమీటర్లు. అంత సన్నటిది ఎవరికి కనిపిస్తుందిలే అనుకుంటాం. కానీ 2048 పిక్సెళ్ల పొడవునా మెల్లగా లేచే వాలు అందులో 20 స్థాయిలే వాడుకుంటే, ఒక్కో మెట్టు వంద పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. పక్క నుంచి వెలుగు పడితే చాలు, లెక్కపెట్టొచ్చు.

16 బిట్ పీఎన్‌జీలో 65,536 స్థాయిలుంటాయి, అది సరిపోతుంది. 32 బిట్ ఓపెన్‌ఈఎక్స్‌ఆర్ ఫైల్ అయితే ఇంకా నిశ్చింత. ఇప్పటికే 8 బిట్‌లో సేవ్ చేసిన ఫైల్‌ని తెరిచి 16 బిట్‌కి మారిస్తే మాత్రం ఏమీ ఒరగదు, మెట్లు మెట్లుగానే ఉంటాయి. స్కల్ప్ట్ (చెక్కిన ఆకారం) నుంచి మళ్లీ తీయాల్సిందే. జేపీజీ ఊసే ఎత్తొద్దు: 8 బిట్ చాలదన్నట్టు 8×8 గళ్ల మచ్చలు కూడా పడతాయి. నేను మొదట్లో ఆ గళ్లను చూసి రాతి గరుకుదనం భలే వచ్చిందని సంబరపడ్డాను.

16 బిట్‌లో తీసినా పలకలు కనిపిస్తున్నాయా? అయితే తప్పు మెష్‌ది, అంటే ఆకారాన్ని కట్టే చిన్న ముఖాల వలది. ఒకే ముఖం ఉన్న ప్లేన్‌ని మల్టీరెజల్యూషన్‌తో (ప్రతి ముఖాన్నీ నాలుగుగా చీల్చే సాధనం) 10 సార్లు విడగొడితే 1024×1024, అంటే 10,48,576 ముఖాలు. దాని నుంచి 4096×4096 మ్యాప్ తీస్తే ఒక్కో ముఖం 4×4 పిక్సెళ్ల మీద పరుచుకుంటుంది. షేడ్ స్మూత్ ఇక్కడ ఆదుకోదు, అది వెలుగును నునుపు చేస్తుందే తప్ప ఎత్తును ముట్టుకోదు. ఇంకో లెవెల్ పెంచండి, లేదా చిన్న మ్యాప్‌తో సరిపెట్టుకోండి. అన్నట్టు, ప్లేన్‌ని మొదట విడగొట్టేటప్పుడు సింపుల్ బటన్ నొక్కండి. మామూలు సబ్‌డివైడ్ నొక్కితే మూలలు గుండ్రంగా అయిపోతాయి.

రాళ్ల కింది బొరియలు మాయం, గోడలు సాగిపోయాయి

ఇది ఫైల్ తప్పు కాదు, ఆకారమే ఇమడలేదు. రాయి అంచు కిందికి లోపలికి తొలిస్తే, పై నుంచి చూసే కెమెరాకు ఆ తొలిచింది కనపడదు. ఉబ్బించే ఇన్‌ఫ్లేట్, పట్టి లాగే గ్రాబ్ బ్రష్‌లతో తెలియకుండానే ఇలా జరుగుతుంది. స్కల్ప్ట్ మోడ్‌లో సిమెట్రీ ప్యానెల్‌లో లాక్ అని ఉంటుంది. ఎక్స్, వై లాక్ చేస్తే బిందువులు పైకీ కిందికీ మాత్రమే కదులుతాయి, ఇక ఏదీ పక్కకు వాలదు. నిట్టనిలువు గోడలు అప్పటికీ సాగుతాయి, ఎందుకంటే ఒక పిక్సెల్‌కూ దాని పక్క పిక్సెల్‌కూ మధ్య ఉన్న ఎత్తంతా ఒక్క గెంతులో దాటాలి. అంచుని స్మూత్ బ్రష్‌తో తడిమి, గోడకు కొన్ని పిక్సెళ్ల ఏటవాలు ఇవ్వండి.

మ్యాప్ అంతా ఒకే బూడిద రంగు

ఎక్కడో ఒక బిందువు ముల్లులా లేచి ఉంటుంది. నార్మలైజ్ నోడ్ (అంకెలన్నిటినీ నలుపు తెలుపుల మధ్యకు సర్దేది) ఆ ముల్లుకు పూర్తి తెలుపు ఇచ్చేసి, మిగతా పనితనాన్నంతా కాస్త బూడిదలోకి కుక్కేస్తుంది. ముల్లుని స్మూత్ చేయండి. నార్మలైజ్ బదులు మ్యాప్ రేంజ్ పెట్టి, కనిష్ఠం, గరిష్ఠం మీరే రాయండి. అప్పుడు రేపు ఇంకో మ్యాప్ తీసినా రెండిటి కొలతా ఒకటే అవుతుంది.

డిస్‌ప్లేస్‌మెంట్ పెట్టగానే నేల కుంగింది

డిస్‌ప్లేస్‌మెంట్ అంటే మ్యాప్ అంకెల్ని బట్టి ఉపరితలాన్ని ఎత్తడం, దించడం. అందులో సరిగ్గా మధ్య బూడిద, అంటే 0.5, కదలకూడదు. ఇమేజ్ కలర్ స్పేస్ ఎస్‌ఆర్‌జీబీలో (రంగుల బొమ్మలకు వాడే సెట్టింగ్) ఉంటే ఆ 0.5 కాస్తా 0.214గా చదవబడుతుంది. నాన్-కలర్‌కి మార్చండి, అంకెను ఉన్నదున్నట్టు చదువుతుంది. తీసేటప్పుడు కూడా ఇలాంటి గండమే ఉంది: బ్లెండర్ 4.0 నుంచి మామూలుగా ఉండే వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ (బొమ్మను తెరకు సర్దే సెట్టింగ్) ఏజీఎక్స్, అది చూసే కంటికి హాయిగా ఉండేలా వెలుగును వంచుతుంది. పీఎన్‌జీగా తీస్తుంటే దాన్ని ‘రా’ (Raw) కి మార్చాలి.

టైల్ అతుకు కనిపిస్తోంది

మ్యాప్‌ని టైల్‌లా పక్కపక్కన పేరిస్తే అతుకు తెలుస్తోందా? కెమెరా ఆర్థోగ్రాఫిక్‌లో (దగ్గరైనా దూరమైనా ఒకే సైజులో చూపేది) ఉందా? కంటికి కనిపించినట్టు చూపే పర్‌స్పెక్టివ్‌లో ఉంటే అంచున ఉన్న రాళ్లు పక్కకు ఒరిగినట్టు పడతాయి. ప్లేన్ 2 మీటర్లయితే ఆర్థోగ్రాఫిక్ స్కేల్ కూడా సరిగ్గా 2 ఉండాలి. స్కల్ప్ట్‌లో టైలింగ్ (గీసిన గీతను నిర్ణీత దూరంలో మళ్లీ వేసేది) వాడేవాళ్లు ఆ దూరాన్ని, అంటే టైల్ ఆఫ్‌సెట్‌ని, కూడా చూసుకోండి. అది మొదట 1 ఉంటుంది, కొత్త ప్లేన్ వెడల్పేమో 2. అలాగే వదిలేస్తే అతుకు రాదు గానీ, ఒకే టైల్‌లో ప్రతి గీతా అడ్డంగా రెండుసార్లు, నిలువుగా రెండుసార్లు పడుతుంది.

ఎత్తు పల్లమైంది, పల్లం ఎత్తైంది

మ్యాప్ తీయడానికి వాడే జెడ్ పాస్ (రెండర్‌తో పాటు వచ్చే దూరాల పొర) చెప్పేది కెమెరా నుంచి దూరం. దగ్గరున్న శిఖరానికి చిన్న అంకె, దూరంగా ఉన్న గుంటకు పెద్దది. ఒక ఇన్వర్ట్ (నలుపు తెలుపులు తిరగేయడం) చాలు.