ఓఎస్‌పీఎఫ్ కాన్ఫిగర్ చేయడం, ఆగిపోతే ఎక్కడ ఆగిందో పట్టుకోవడం ఎలా?

ల్యాబ్‌లో ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే రౌటింగ్ ప్రోటోకాల్) పనిచేయకపోతే చాలామంది ముందుగా చేసేది, ఉన్న కాన్ఫిగరేషన్ అంతా చెరిపేసి మళ్లీ మొదటి నుంచి టైప్ చేయడం. ఒక్కోసారి దాంతో పని జరిగిపోతుంది కూడా. కానీ తప్పు ఎక్కడ జరిగిందో తెలియలేదు కాబట్టి పరీక్షలో అదే తప్పు ఎదురైతే మళ్లీ అదే టెన్షన్. ఓఎస్‌పీఎఫ్ తనకేమైందో తానే చెప్పే ప్రోటోకాల్. నైబర్ (ఓఎస్‌పీఎఫ్‌తో జతకట్టే పక్క రౌటర్) ఏ స్టేట్‌లో ఆగిపోయిందో చదవడం వస్తే, వెతకాల్సిన చోటు నాలుగైదు లైన్లకు తగ్గిపోతుంది. ఈ వ్యాసంలో కాన్ఫిగరేషన్‌కి ఎంత చోటిచ్చానో, ఆ చదవడానికీ అంతే ఇచ్చాను.

ఇక్కడి కమాండ్లు సిస్కో రౌటర్ల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్‌కి చెందినవి. చదవడానికి తెలుగులో రాశాను, రౌటర్లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి. ప్యాకెట్ ట్రేసర్‌లో గానీ జీఎన్ఎస్3లో గానీ (రెండూ కంప్యూటర్లోనే నెట్‌వర్క్ ల్యాబ్ నడిపే ప్రోగ్రామ్‌లు) మూడు రౌటర్లు పెట్టుకుని, చదువుతూనే చేసి చూడండి.

ముందు ఒక్క విషయం అర్థం చేసుకోండి

లింక్-స్టేట్ పద్ధతిలో ప్రతి రౌటరూ "నాకు ఈ లింకులున్నాయి, వాటి కాస్ట్ ఇంత" అని ఎల్ఎస్ఏల (లింక్-స్టేట్ ప్రకటనల) రూపంలో చెబుతుంది. ఆ మాట ఏరియాలోని (ఒకే డేటాబేస్ పంచుకునే గుంపులోని) రౌటర్లన్నిటికీ ఉన్నది ఉన్నట్టుగా చేరుతుంది. అన్నిటి దగ్గరా ఒకే డేటాబేస్ ఉంటుంది. దాని మీద ఎవరికి వారు, డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన షార్టెస్ట్ పాత్ అల్గారిథమ్ నడుపుకుని దారులు తేల్చుకుంటారు. ఈ రోజు ఐపీవీ4కి మనం వాడుతున్న ఓఎస్‌పీఎఫ్ రెండో వెర్షన్‌ని జాన్ మోయ్ 1998లో ఆర్ఎఫ్‌సీ 2328గా రాశారు.

డేటాబేస్ అందరి దగ్గరా ఒకేలా లేకపోతే ప్యాకెట్లు తిరిగిన చోటే తిరుగుతాయి. అందుకే పక్క రౌటర్‌ని నైబర్‌గా ఒప్పుకునే ముందు ఓఎస్‌పీఎఫ్ అన్ని షరతులు పెడుతుంది. ట్రబుల్‌షూటింగ్‌లో మనం వెతికేది ఈ షరతుల్లో ఏది తప్పిందనే.

మొదటి అడుగు: కాగితం మీద గీసుకోండి, పింగ్ చేయండి

మన ఉదాహరణలో మూడు రౌటర్లు త్రిభుజంలా ఉన్నాయి, లింకులన్నీ గిగాబిట్‌వే. ఆర్1-ఆర్2 మధ్య 10.1.12.0/30, ఆర్1-ఆర్3 మధ్య 10.1.13.0/30, ఆర్2-ఆర్3 మధ్య 10.1.23.0/30. ఆర్1 వెనక 192.168.1.0/24, ఆర్3 వెనక 192.168.3.0/24 ల్యాన్‌లు. ఏ ఇంటర్‌ఫేస్ ఎటు పోతుందో కాగితం మీద రాసుకోండి. ఐపీలు ఇచ్చాక పక్క రౌటర్‌కి పింగ్ వెళ్తోందో లేదో చూసుకోండి. పక్కవాడికే పింగ్ పోకపోతే రౌటింగ్ ప్రోటోకాల్ మొదలుపెట్టడం దండగ.

రెండో అడుగు: రౌటర్ ఐడీ మీరే ఇవ్వండి

రౌటర్ ఐడీ అంటే ఓఎస్‌పీఎఫ్‌లో ఆ రౌటర్ పేరు. మీరు ఇవ్వకపోతే రౌటర్ తానే ఎంచుకుంటుంది. లూప్‌బ్యాక్ (రౌటర్ లోపలే ఉండే ఊహా ఇంటర్‌ఫేస్) ఐపీల్లో పెద్దదాన్ని తీసుకుంటుంది, లూప్‌బ్యాక్ లేకపోతే పనిచేస్తున్న మిగతా ఇంటర్‌ఫేస్‌ల ఐపీల్లో పెద్దదాన్ని తీసుకుంటుంది. దానికి వదిలేయకండి. అవుట్‌పుట్‌లో 2.2.2.2 అని కనబడితే అది ఆర్2 అని చూడగానే తెలియాలి.

రౌటర్ ఓఎస్‌పీఎఫ్ 1
రౌటర్-ఐడీ 1.1.1.1

ఇక్కడి 1 ప్రాసెస్ నంబర్, ఆ రౌటర్ వరకే పరిమితం. పక్క రౌటర్లో 50 ఉన్నా ఏమీ కాదు. ప్రాసెస్ అప్పటికే నడుస్తుంటే కొత్త ఐడీ వెంటనే అమల్లోకి రాదు, 'క్లియర్ ఐపీ ఓఎస్‌పీఎఫ్ ప్రాసెస్' ఇవ్వాలి. అది నైబర్‌లన్నిటినీ ఒకసారి పడగొడుతుంది కాబట్టి ల్యాబ్‌లో ఎలా వాడినా, నడుస్తున్న నెట్‌వర్క్‌లో ఆలోచించి వాడండి.

రౌటర్ ఐడీ విషయంలో ఒకసారి నేను ఇబ్బంది పడ్డాను. ఐదు రౌటర్లు వరుసగా పెట్టి, టైపింగ్ తగ్గుతుందని రెండో రౌటర్ కాన్ఫిగరేషన్‌నే నాలుగోదాంట్లో పేస్ట్ చేసి ఐపీలు మార్చాను, ఐడీ మార్చడం మరిచాను. నైబర్‌లన్నీ ఫుల్‌లోనే (డేటాబేస్ పూర్తిగా కలిసిన స్టేట్‌లోనే) ఉన్నాయి, రూట్లు మాత్రం వస్తున్నాయి, పోతున్నాయి. రెండు రౌటర్లూ ఒకే పేరుతో వేర్వేరు ఎల్ఎస్ఏలు పంపుతుంటే, ప్రతిదీ రెండోదాని మాటను కొట్టేస్తూ పోతోంది. సమాధానం లాగ్‌లోనే ఉంది, డూప్లికేట్ రౌటర్ ఐడీ అని స్పష్టంగా. అప్పటి నుంచి ముందు 'షో లాగింగ్' చూశాకే మిగతావి చూస్తున్నాను.

మూడో అడుగు: ఏ ఇంటర్‌ఫేస్‌లో నడవాలో చెప్పండి

ఆర్1లో ఇలా:

నెట్‌వర్క్ 10.1.12.0 0.0.0.3 ఏరియా 0
నెట్‌వర్క్ 10.1.13.0 0.0.0.3 ఏరియా 0
నెట్‌వర్క్ 192.168.1.0 0.0.0.255 ఏరియా 0

'నెట్‌వర్క్' అనే పేరే విద్యార్థుల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఈ నెట్‌వర్క్‌ని ప్రకటించు అని దీని అర్థం కాదు. "ఏ ఇంటర్‌ఫేస్ ఐపీ ఈ లెక్కలో పడుతుందో, ఆ ఇంటర్‌ఫేస్ మీద ఓఎస్‌పీఎఫ్ నడుపు" అని అర్థం. ప్రకటన అయ్యేది ఆ ఇంటర్‌ఫేస్‌కి నిజంగా ఉన్న సబ్‌నెట్. వైల్డ్‌కార్డ్ కావాలంటే 255.255.255.255లోంచి సబ్‌నెట్ మాస్క్ తీసేయండి. /30 మాస్క్ 255.255.255.252 కాబట్టి మిగిలేది 0.0.0.3.

ఇంకో దారి కూడా ఉంది. ఇంటర్‌ఫేస్‌లోకే వెళ్లి 'ఐపీ ఓఎస్‌పీఎఫ్ 1 ఏరియా 0' అనొచ్చు. నాకు ఇదే ఇష్టం. వైల్డ్‌కార్డ్ లెక్క తప్పే ప్రమాదమే ఉండదు.

ల్యాన్ వైపు పీసీలే ఉంటాయి, వాటికి హలో ప్యాకెట్లు (నైబర్‌లను పలకరించే చిన్న ప్యాకెట్లు) అక్కర్లేదు. అక్కడ 'పాసివ్-ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్‌నెట్0/2' ఇవ్వండి. హలోలు ఆగుతాయి, సబ్‌నెట్ ప్రకటన మాత్రం కొనసాగుతుంది.

రెండే రౌటర్లున్న లింక్‌లో డీఆర్ (లింక్‌లోని అందరూ జతకట్టే ముఖ్య రౌటర్), బీడీఆర్ (దానికి బదులు సిద్ధంగా ఉండేది) ఎన్నిక అనవసరం. రెండు వైపులా ఇంటర్‌ఫేస్‌లో 'ఐపీ ఓఎస్‌పీఎఫ్ నెట్‌వర్క్ పాయింట్-టు-పాయింట్' ఇస్తే, ఎన్నిక కోసం 40 సెకన్లు ఎదురుచూడటం తప్పుతుంది. రెండు వైపులా అన్న మాట గుర్తుంచుకోండి, దీని దగ్గరకి మళ్లీ వస్తాం.

నాలుగో అడుగు: కాస్ట్ సరిచేయండి

కాస్ట్ అంటే రిఫరెన్స్ బ్యాండ్‌విడ్త్‌ని లింక్ బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే వచ్చేది. డిఫాల్ట్ రిఫరెన్స్ 100 ఎంబీపీఎస్. ఫాస్ట్ ఈథర్‌నెట్ కాస్ట్ 1. గిగాబిట్ లెక్క ప్రకారం 0.1 రావాలి గానీ కాస్ట్ 1 కంటే తగ్గదు, కాబట్టి అదీ 1. పది రెట్లు వేగమున్న లింక్, మామూలు లింక్ ఓఎస్‌పీఎఫ్ కళ్లకు ఒకటే అయిపోతాయి. అన్ని రౌటర్లలోనూ 'ఆటో-కాస్ట్ రిఫరెన్స్-బ్యాండ్‌విడ్త్ 100000' ఇవ్వండి. అప్పుడు గిగాబిట్‌కి 100, ఫాస్ట్ ఈథర్‌నెట్‌కి 1000. ఒక్క రౌటర్లో మరిచినా దారుల లెక్క వంకరపోతుంది.

ఇప్పుడు ఆర్1లో 'షో ఐపీ రూట్ ఓఎస్‌పీఎఫ్' చూడండి:

ఓ 192.168.3.0/24 [110/200] వయా 10.1.13.2

110 అనేది ఓఎస్‌పీఎఫ్ అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్, అంటే వేర్వేరు ప్రోటోకాల్‌లలో ఎవరి మాట నమ్మాలో తేల్చే అంకె. 200 ఎలా వచ్చింది? ఆర్1 నుంచి ఆర్3కి 100, ఆర్3 నుంచి దాని ల్యాన్‌కి 100. ఆర్2 మీదుగా పోతే 300 అయ్యేది. ఆర్1లో ఆర్3 వైపు ఇంటర్‌ఫేస్‌కి 'ఐపీ ఓఎస్‌పీఎఫ్ కాస్ట్ 500' ఇచ్చి చూడండి. నేరుగా పోతే 600 కాబట్టి దారి ఆర్2 మీదుగా మారి 300 చూపిస్తుంది. కాస్ట్ లెక్కలోకి వచ్చేది ప్యాకెట్ బయటికి వెళ్లే ఇంటర్‌ఫేస్‌దే. ఆర్3లో ఏమీ మార్చలేదు కాబట్టి తిరుగు ప్యాకెట్లు ఇంకా నేరు దారిలోనే వస్తుంటాయి. ఈ చిన్న ప్రయోగం కాస్ట్ గురించి పది పేజీలు చదివినదాని కంటే ఎక్కువ నేర్పుతుంది.

నైబర్ స్టేట్ చదవడం

కమాండ్ ఒక్కటే: 'షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ నైబర్'. ఇనిట్, టూ-వే, ఎక్స్‌స్టార్ట్, ఎక్స్ఛేంజ్, లోడింగ్, ఫుల్ వరుసలో ఎక్కడ ఆగిందో చూడండి.

నైబర్ అసలు కనబడకపోతే: పక్క రౌటర్ హలో మనకు చేరడం లేదు, లేదా చేరినా మనం ఒప్పుకోవడం లేదు. ముందు 'షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్' చూడండి. ఇంటర్‌ఫేస్ ఆ జాబితాలోనే లేకపోతే నెట్‌వర్క్ లైన్ తప్పు. జాబితాలో ఉంటే అది పొరపాటున పాసివ్ అయిందేమో చూడండి. తర్వాత రెండు వైపులా సరిపోవాల్సినవి చూడాలి: ఏరియా నంబర్, హలో టైమర్ (ఎన్ని సెకన్లకోసారి హలో పంపాలి), డెడ్ టైమర్ (ఎంతసేపు హలో రాకపోతే నైబర్ పోయిందనుకోవాలి), స్టబ్ ఏరియా (బయటి రూట్లు రానివ్వని ఏరియా) సెట్టింగ్, ఆథెంటికేషన్ రకం, కీ, కీ నంబర్. బ్రాడ్‌కాస్ట్ లింక్ అయితే సబ్‌నెట్ మాస్క్ కూడా. కంటికి చిక్కకపోతే 'డీబగ్ ఐపీ ఓఎస్‌పీఎఫ్ హలో' పెట్టండి. ఇలాంటి లైన్ రావచ్చు:

మిస్‌మ్యాచ్డ్ హలో పారామీటర్స్ ఫ్రమ్ 10.1.12.2
డెడ్ ఆర్ 40 సీ 20, హలో ఆర్ 10 సీ 5

ఆర్ అంటే అవతలి నుంచి వచ్చిన విలువ, సీ అంటే మన దగ్గర ఉన్న విలువ. ఈథర్‌నెట్‌లో డిఫాల్ట్ 10, 40. అంటే ఇక్కడ హలోని 5కి మార్చింది మన రౌటర్లోనే. సిస్కోలో హలో మారిస్తే డెడ్ తనంతట తానే నాలుగు రెట్లకు మారుతుంది, అందుకే 20. చూడటం అయ్యాక 'అన్‌డీబగ్ ఆల్' మరిచిపోకండి.

ఇనిట్‌లో ఆగితే: అవతలి హలో మనకు వినబడుతోంది, కానీ ఆ హలోలో మన రౌటర్ ఐడీ లేదు. అంటే మన మాట వాళ్లకు చేరడం లేదు. అవతలి వైపు యాక్సెస్ లిస్ట్ (ఏ ప్యాకెట్లను రానివ్వాలో, ఏవి ఆపాలో చెప్పే జాబితా) చూడండి. ఓఎస్‌పీఎఫ్ టీసీపీ మీదా నడవదు, యూడీపీ మీదా నడవదు, దానిది ఐపీ ప్రోటోకాల్ నంబర్ 89. హలోలు వెళ్లేది 224.0.0.5కి. టీసీపీ, యూడీపీ, ఐసీఎంపీలకు మాత్రమే అనుమతి రాసిన లిస్ట్, చివర్లో కనబడకుండా ఉండే డినై లైన్‌తో దీన్ని ఆపేస్తుంది. పింగ్ మాత్రం హాయిగా వెళ్తుంది.

టూ-వేలో ఆగితే: కంగారుపడకండి, ఇది చాలాసార్లు తప్పే కాదు. ఒకే స్విచ్ మీద పది రౌటర్లుంటే అందరితో అందరూ జత కడితే 45 జతలు కావాలి. డీఆర్, బీడీఆర్ ఉంటే 17 చాలు. మిగతా రౌటర్లు తమలో తాము టూ-వేలోనే ఉండిపోతాయి. అందరి ప్రయారిటీ (డీఆర్ ఎన్నికలో చూసే అంకె) 0 అయి డీఆరే లేకపోతే మాత్రం అది సమస్యే. ఫలానా రౌటరే డీఆర్ కావాలని తర్వాత ప్రయారిటీ పెంచినా, ఉన్న డీఆర్ దిగిపోదు. ప్రాసెస్ క్లియర్ చేస్తేనో, పాత డీఆర్ పడిపోతేనో తప్ప మార్పు రాదు.

ఎక్స్‌స్టార్ట్ లేదా ఎక్స్ఛేంజ్‌లో ఆగితే: ముందు ఎంటీయూనే (ఇంటర్‌ఫేస్ పంపగల ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్నే) అనుమానించండి. హలోలు చిన్నవి, ఇబ్బంది లేకుండా వెళ్లిపోతాయి. డేటాబేస్ డిస్క్రిప్షన్ ప్యాకెట్‌లో మాత్రం పంపేవారి ఎంటీయూ రాసి ఉంటుంది. అది తాను తీసుకోగలిగిన దానికంటే పెద్దదైతే అందుకున్న రౌటర్ ఆ ప్యాకెట్‌ని తోసేస్తుంది. ఆర్1లో 1500, ఆర్2లో 1400 ఉంటే ఆర్2 ఒప్పుకోదు. ఒక వైపు ఎక్స్‌స్టార్ట్, ఇంకోవైపు ఎక్స్ఛేంజ్ కనబడొచ్చు. కాసేపటికి 'టూ మెనీ రీట్రాన్స్‌మిషన్స్' అని లాగ్‌లో పడి నైబర్ డౌన్ అవుతుంది, మళ్లీ మొదలవుతుంది. మామూలు పింగ్ చిన్న ప్యాకెట్ కాబట్టి ఇక్కడా అంతా బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. 'షో ఐపీ ఇంటర్‌ఫేస్'లో రెండు వైపులా ఎంటీయూ పోల్చి సమానం చేయండి. 'ఐపీ ఓఎస్‌పీఎఫ్ ఎంటీయూ-ఇగ్నోర్' ఇస్తే నైబర్ లేస్తుంది, కానీ తేడా అలాగే ఉంటుంది. అది తర్వాత పెద్ద ప్యాకెట్లు పోవడం లేదన్న ఫిర్యాదుగా బయటపడుతుంది. నేనైతే వాడను.

ఫుల్ అయినా రూట్ రాకపోతే

నైబర్ ఫుల్ అంటే డేటాబేస్ కలిసిందని మాత్రమే. ఆర్1-ఆర్2 లింక్‌లో ఒక వైపే పాయింట్-టు-పాయింట్ ఇచ్చి, రెండో వైపు డిఫాల్ట్ బ్రాడ్‌కాస్ట్‌గా వదిలేశారనుకోండి. టైమర్లు రెండింటికీ 10, 40 కాబట్టి హలోలు కలుస్తాయి, స్టేట్ ఫుల్ అవుతుంది. కానీ అదే లింక్‌ని ఆర్1 ఒకలా, ఆర్2 ఇంకోలా వర్ణిస్తాయి. డైక్‌స్ట్రా లెక్కలో ఆ రెండు ముక్కలూ అతకవు, ఆ లింక్ మీదుగా దారి రాదు. మన త్రిభుజంలో ఆర్3 మీదుగా ఇంకో దారి ఉంది కాబట్టి తప్పు దాక్కుంటుంది. ఆర్3 వైపు లింకులు షట్‌డౌన్ చేసి చూడండి, రూట్లు మాయమవుతాయి. అప్పుడు 'షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ డేటాబేస్ రౌటర్' చూస్తే అవతలి రౌటర్ ఎల్ఎస్ఏ పక్కన 'అడ్వ్ రౌటర్ ఈజ్ నాట్-రీచబుల్' అని ఉంటుంది. ఫుల్ అని చూసి ఊరుకున్నవారికి ఇది గంటలకొద్దీ దొరకదు. 'షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ ఇంటర్‌ఫేస్'లో నెట్‌వర్క్ టైప్ రెండు వైపులా చూసి ఒకటి చేయండి, రూట్ వచ్చేస్తుంది.

లూప్‌బ్యాక్‌కి /24 ఇస్తే అవతల /32గా కనబడటం తప్పు కాదు, ఓఎస్‌పీఎఫ్ లూప్‌బ్యాక్‌ని ఒక్క హోస్ట్‌గానే ప్రకటిస్తుంది. అసలు మాస్క్ కావాలంటే లూప్‌బ్యాక్‌లోనూ పాయింట్-టు-పాయింట్ ఇవ్వండి. డిఫాల్ట్ రూట్ పంచడానికి 'డిఫాల్ట్-ఇన్ఫర్మేషన్ ఒరిజినేట్' ఇచ్చినా అవతలికి చేరడం లేదంటే, ఇచ్చిన రౌటర్ రూటింగ్ టేబుల్‌లోనే డిఫాల్ట్ రూట్ లేదన్నమాట. ముందు అది పెట్టండి, లేదా కమాండ్ చివర 'ఆల్వేస్' చేర్చండి.