తొలకరికి ముందు పాత అంబాసిడర్: డెల్టా ఇళ్లలో తీసుకోవలసిన జాగ్రత్తలు

కోనసీమలోనూ, పాలకొల్లు, నరసాపురం ప్రాంతాల్లోనూ కొన్ని ఇళ్ల షెడ్లలో పెద్దలు కొన్న అంబాసిడర్లు, పద్మినీ ఫియట్లు ఇంకా నడిచే స్థితిలో ఉన్నాయి. పద్మిని తయారీ 2001లో, అంబాసిడర్ తయారీ 2014లో నిలిచిపోయాయి కనుక, ఏదైనా భాగం పాడైతే దానికి బదులు దొరికేది పాత సరుకో నాసిరకం నకలో అవుతుంది. అందువల్ల వానాకాలానికి ముందు ఇంటి దగ్గర చేసుకోగల పనులన్నిటినీ రోహిణి కార్తె ఎండల్లోనే ముగించాలి. మృగశిర ప్రవేశించే జూన్ 7, 8 తేదీల తరువాత గాలిలో తేమ పెరుగుతుంది. అప్పుడు రేకు పూర్తిగా ఆరదు, ఆరని రేకు మీద వేసిన రంగు నిలవదు.

పనిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది బండి కిందికి దూరడం. మనది ఒండ్రునేల, పైకి గట్టిగా కనిపించినా బరువు పడితే దిగిపోతుంది. జాకీని నేరుగా మట్టి మీద నిలపకుండా కనీసం రెండంగుళాల మందం, అడుగున్నర వెడల్పు ఉన్న గట్టి చెక్క పరచి, దాని మీద నిలపాలి. ఎత్తని చక్రాలకు ముందూ వెనకా చెక్క ముక్కలు అడ్డుపెట్టాలి. బండిని ఎత్తిన వెంటనే ఇనుప స్టాండ్ల మీదికి దించి, చేత్తో గట్టిగా ఊపి చూసి, ఆ తరువాతే కిందికి వెళ్లాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు స్టాండ్లకు ప్రత్యామ్నాయం కావు. అవి ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా పగిలిపోతాయి. ఇంట్లో మరొకరికి తెలియకుండా ఒంటరిగా ఈ పని పెట్టుకోకూడదు.

కిందికి వెళ్లిన తరువాత చూడవలసినది తుప్పు. సముద్రానికి దగ్గరగా ఉన్న అంతర్వేది, ఓడలరేవు వంటి చోట్ల గాలిలోనే ఉప్పు ఉంటుంది. రొయ్యల చెరువుల పక్కన దారులు ఉప్పునీటితో తడుస్తూ ఉంటాయి. తలుపుల కింద ఉండే పెట్టె భాగాలనూ, వెనక కమాను పట్టీలు బిగించే చోట్లనూ, పాదాల కింది రేకునూ స్క్రూడ్రైవర్ పిడితో తట్టి, అనుమానం ఉన్నచోట మొనతో పొడిచి చూడాలి. మొన దిగిందంటే అక్కడ రేకు మిగిలి లేదని అర్థం. అది లప్పం పెట్టి కప్పవలసిన చోటు కాదు, కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించవలసిన చోటు. ఒకసారి నా బండికి తుప్పు గీకకుండానే అడుగు రేకుకు పూసే నల్లటి అండర్‌కోటింగ్ కొట్టి పంపారు. రెండు వానాకాలాలు గడిచేసరికి పైపొర నిగనిగలాడుతూనే ఉంది, లోపలి రేకు మాత్రం అప్పడంలా విరిగి చేతికి వచ్చింది. తలుపుల అడుగున నీరు బయటికి పోయే సన్నని రంధ్రాలు మట్టితో పూడిపోయి ఉంటే తీగతో తెరవాలి. నేల మీద పరచిన కొబ్బరి పీచు చాపలు తడిని పట్టి ఉంచుతాయి కనుక వానాకాలమంతా వాటిని తీసివేయడమే మేలు. ఇంటి అలవాటు మార్చుకోవడం కష్టమే అయినా, రేకు ఖరీదు చాప ఖరీదు కంటే ఎక్కువ.

బ్రేకుల విషయంలో మొహమాటం పనికిరాదు. చాలా పాత బండ్లలో నాలుగు చక్రాలకూ కలిపి బ్రేక్ ఆయిల్ ఒకే మార్గంలో వెళుతుంది. ఒక్క రబ్బరు గొట్టం పగిలినా పెడల్ నేలకు తగులుతుంది, చేతిబ్రేకు తప్ప మరొకటి మిగలదు. పైకి బాగానే కనిపించే గొట్టాన్ని వంచి చూస్తే నెర్రెలు బయటపడతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ వేడికి త్వరగా మరిగి పెడల్‌ను మెత్తబరుస్తుంది, సిలిండర్ల లోపల తుప్పు పుట్టిస్తుంది. రెండేళ్లకొకసారి మొత్తం మార్చాలన్నది సాధారణ నియమం. మన తేమలో దానిని దాటించకూడదు. ఆ ఆయిల్ రంగు మీద పడితే రంగును తినేస్తుంది కనుక వెంటనే నీళ్లతో కడగాలి. చక్రాల్లోని బ్రేక్ డ్రమ్ములు విప్పినప్పుడు లోపలి పొడిని నోటితోగాని, గాలి పంపుతోగాని ఊదకూడదు. పాత లైనింగుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండేది. ముక్కుకు మాస్కు పెట్టుకుని, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయాలి.

పెట్రోలు సంగతి కొత్తగా పట్టించుకోవలసినది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. పాతకాలపు రబ్బరు గొట్టాలు, కార్బురేటర్ వాషర్లు దానిని తట్టుకునేందుకు తయారైనవి కావు. ఉబ్బి, మెత్తబడి, వేడి ఇంజను మీద కారడం మొదలుపెడతాయి. కనుక గొట్టాలన్నిటినీ ఇథనాల్‌కు తగినవాటితో మార్చాలి. ఇథనాల్ నీటిని పీలుస్తుంది, మరీ ఎక్కువైతే ఆ రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగున చేరతాయి. బండిని నెలల తరబడి నిలిపి ఉంచేటట్లయితే పాత పెట్రోలు అందులో వదిలివేయకూడదు. పెట్రోలు పని చేసేముందు బ్యాటరీ తీగ విప్పాలి, ఎర్త్ తీగను మొదట తీయాలి. మూసిన షెడ్డులో ఇంజను నడపకూడదు. పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు.

స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూతలో సన్నని పగుళ్లు ఉంటే మొదటి జల్లుకే ఇంజను తడబడుతుంది. మూతను పొడిగుడ్డతో తుడిచి, వెలుతురులో తిప్పి చూసి, అనుమానమైతే మార్చాలి. వైపర్ రబ్బర్లు, అద్దాల బీడింగులు, టైర్ల వయసు కూడా అదే రోజు చూసుకోవాలి. టైరు పక్కన ఉండే నాలుగంకెలలో మొదటి రెండూ వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి.

నీళ్లు పెరిగే రోజుల్లో ఎలుకలు తీగలు కొరకడానికీ, పాములు వెచ్చదనం కోసమూ బానెట్ కిందికి చేరతాయి. కర్రతో బానెట్ మీద తట్టి, తెరిచి, టార్చితో చూసిన తరువాతే చేయి పెట్టాలి. కొబ్బరిచెట్టు నీడ ఎంత చల్లగా ఉన్నా గాలివానలో దాని కింద బండి నిలపకూడదు.

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇస్తారు. లంకల్లోనూ, పల్లపు ఊళ్లలోనూ ఉన్నవారు మొదటి హెచ్చరికకే బండిని మెరకకు చేర్చాలి. రెండవదాని కోసం చూస్తే కాజ్‌వేలు మునిగి దారి మూసుకుపోతుంది. పారుతున్న నీరు అడుగు లోతే ఉన్నా చిన్న కారును తేల్చగలదు కనుక మునిగిన కాజ్‌వే మీదికి బండిని దింపకూడదు. నిలిచిన నీటిలో డ్రమ్ములు తడిస్తే, బయటికి వచ్చాక పెడల్‌ను తేలికగా నొక్కుతూ కొంతదూరం నెమ్మదిగా నడిపి ఆరబెట్టాలి.

బండి మునిగి తేలినట్లయితే తాళం తిప్పకండి. సిలిండర్లలో నీరు ఉండగా స్టార్టర్ తిప్పితే కనెక్టింగ్ రాడ్లు వంగిపోవచ్చు. బ్యాటరీ విప్పి, స్పార్క్ ప్లగ్గులు తీసి, ముందుండే హ్యాండిల్‌తో ఇంజనును మెల్లగా తిప్పి నీరు పోనివ్వాలి. ఇంజన్, గేర్‌బాక్స్, వెనక డిఫరెన్షియల్ మూడింటిలోనూ ఆయిల్ పాలకాఫీ రంగుకు మారిందేమో చూసి, మారితే వంచేసి కొత్తది పోయాలి. కాసేపు నడిపాక మళ్లీ చూసి, తెలుపు మిగిలి ఉంటే మరొకసారి మార్చాలి.