పాత పికప్‌ని మళ్లీ రోడ్డెక్కించాలంటే

కొత్త పికప్ కొనే ముందు పాతదాని కిందకి ఒకసారి దూరి చూడండి. ఇంజిన్ పోతే మార్చుకోవచ్చు, గేర్‌బాక్స్ పోతే విప్పి బాగుచేసుకోవచ్చు, కానీ ఛాసీని, అంటే బండి బరువంతా మోసే ఇనుప చట్రాన్ని, తుప్పు తినేసి ఉంటే ఎంత ఖర్చు పెట్టినా బూడిదలో పోసిన పన్నీరే. సుత్తితో ఛాసీ పొడవునా కొట్టుకుంటూ పోండి, ముఖ్యంగా వెనక కమాన్ పట్టీలు బిగించే చోట. ఖంగుమంటే పర్లేదు. మొద్దు శబ్దం వచ్చి పెచ్చులు రాలాయంటే అక్కడ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. లోపలికి దిగిపోయిందా, ఆ బండి వదిలేయండి.

ఛాసీ గట్టిగా ఉంటే తర్వాత ఇంజిన్‌కి కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంతొస్తోందో గేజ్ పెట్టి చూడటం. ఒక సిలిండర్ రీడింగ్ మిగతావాటికన్నా బాగా తక్కువొస్తే, పెట్రోల్ ఇంజిన్ అయితే అందులో ఓ చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగిందంటే పిస్టన్ రింగులు అరిగినట్టు, పెరగకపోతే తేడా వాల్వుల్లోనో హెడ్ గాస్కెట్‌లోనో (ఇంజిన్ బ్లాక్‌కీ పైన హెడ్‌కీ మధ్య ఉండే సీలు) ఉన్నట్టు. డీజిల్‌లో మాత్రం ఈ ఆయిల్ ప్రయోగం వద్దు.

విప్పేటప్పుడు ప్రతి వైరుకీ చీటీ అంటించి ఫోటో తీసుకోండి, బోల్టులు వేర్వేరు డబ్బాల్లో వేయండి. బ్రేక్ హోసులు, రబ్బర్ బుష్‌లు చూడ్డానికి బాగానే ఉన్నా మార్చేయండి, అక్కడ పిసినారితనం పనికిరాదు. పెయింటు ఆఖర్న (అందరూ ముందు దాని మీదే పడతారు, ఎందుకో మరి). కొత్త రింగులు వేసిన ఇంజిన్‌కి దాదాపు 800 కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టర్ మార్చేయండి.